దాచిపెట్టిన దగ్గు

“నాయనమ్మా, తాతకు దగ్గు ఎప్పట్నుంచి ఉండె? అప్పీలుల రాయాలె.”

ముందుగల్ల ఆ తలుపు దగ్గరేసి రా. ఫోన్ల నా మాటలు ఎక్కుతున్నయా? ఎక్కనియ్యి, కని ఎవ్వలకన్న పంపినవో సూడు. నువ్వు మనుమరాలివే, గాదంటలేను. ఫోన్ ఎవ్వలకు సుట్టం గాదు.

ఆఁ, ఎందుకు అడుగుతున్నవో నాకెరుకనే. మామూలు పింఛను వస్తనే ఉంది గద. మిలిట్రీ నౌకరీతోనే మీ తాత పాణం పోయిందని తేలితె ఎక్కువిస్తరంట. పైసలు అటు పెట్టు. మన అర్జీ కొట్టేసి పింఛను ఆఫీసోల్లు ఏం రాసిండ్రు? బర్రెల కొట్టంల దుమ్ముకు ఊపిరితిత్తులు ఖరాబైనయని! మంచుకొండల మీద కాపలా గాసినోన్ని పట్టుకోని గట్లనా? ఎవడో నడుమల పుల్ల వెట్టిండని నాకు అప్పుడే షక్ వచ్చింది.

మొదలు మా మరిది మీద అనుమానపడ్డ. పోయినేడు... కాదు కాదు, ఆ ముందటేడు, గోడ కాడ లొల్లి అయింది గద. తర్వాత ఎదురింటి రజియా ఆపా మీద. నువ్వు సాక్షెం అడగవోతె ఏమన్నది? భాయ్, గదే మీ తాత, దగ్గంగ ఎన్నడు ఇనలేదంట! నలభై ఏండ్లు మా పాలు తాగింది. మూడు దినాలు ఆమెతోని మాట్లాడలే.

ఇగ ఇను. మీ తాత మంచుల నుంచి దగ్గుకుంటనే వచ్చి, బర్రెలు కొని పాలు అమ్ముడు వెట్టిండు. లీటరు పాలు రెండు రూపాయలున్న కాలం. పాలోడు దగ్గుతుండంటె టీబీ అనుకుంటరు, గౌలిపురల ఒక్క గిన్నె గూడ మన గడపకు రాదు. గందుకే నేనే చెప్పిన, “గిరాకి ముంగట దగ్గకు” అని. పాపం, దగ్గు రాంగనే కొట్టంలకు ఉరికి, గడ్డిమోపుల మొఖం వెట్టి దగ్గెటోడు. గల్లీల ఒక్కలకు ఇనవడలే. దవఖానల డాక్టర్ “ఎప్పట్నుంచి?” అంటె, ఆయన నోరు తెరవకముందే నేనే అన్న, “నాలుగు దినాల సంది సార్” అని. ఏండ్లకేండ్లు ఎన్నిసార్లు వొయినా గదే నాలుగు దినాలు. కాయితంల గదే ఎక్కింది.

రజియా ఆపా అబద్ధమాడలే బిడ్డా. ఆయన నౌకరీని కాయితంల నుంచి తుడిచింది నేనే.

ఏంది గట్ల సూస్తవ్? రాయి. అబద్ధం చెప్పింది నేనని నా పేరు మీదనే రాయి, ఏలిముద్ర ఏస్త. నమ్ముతరంటవా? ముసల్ది పింఛను కోసం ఇప్పుడు కత అల్లిందంటరు. ఆ ఆఫీసరు కుర్చీల నేను కూసున్నా గట్లనే అంట...

సల్లగుండు బిడ్డా. నీకు గాని, రేపు నీ ఇంటోనికి గాని దగ్గొస్తె, వాకిట్ల నిలవడి దగ్గుండ్రి. గల్లీ అంత ఇననీ.