పగలని కొబ్బరికాయ

హలో… హలో… బాపట్ల ఇంజనీరింగు ఆఫీసేనాండీ?… ఆఁ, నేనే! సుశీలని… మీ సుశీలనేనండీ బాబూ, ఇంకెవరు!

రేపల్లె పోస్టాఫీసు నించి… అయ్యో, ఎవరికీ ఏం కాలేదు. అత్తయ్యగారు బానే ఉన్నారు, పొద్దున అడిగి మరీ ఇంకో పెసరట్టు వేయించుకున్నారు… ఏడవట్లేదండీ, నవ్వుతున్నా! ఉండండి, కాస్త ఊపిరి తీసుకోనీండి…

కొబ్బరికాయ పగల్లేదు!… కొబ్బరికాయ! మెట్టు పగిలింది!

అబ్బ, మొదట్నించీ చెప్తా. ఇవాళ మా బడి కొత్త బిల్డింగు ఓపెనింగు కదా… అదే, ఇసుక కట్టడం, పాసు చెయ్యనని మీరు మొండికేసిందే. దానికోసమేగా మిమ్మల్ని బాపట్ల తోలేశారు!… మీ తర్వాత వచ్చినాయన సంతకం గిలికేశాడు. సోమవారం నించి పిల్లల్ని అందులో కూర్చోబెట్టమన్నారు. అది విన్నప్పట్నించీ నాకు అన్నం సయిస్తే ఒట్టు.

సరే… సమితి ప్రెసిడెంటు చలపతిరావుగారొచ్చారు. సన్నాయి మేళం, మామిడి తోరణాలు, అబ్బో! మన కంట్రాక్టరు బసవేశ్వరరావు ఏం చేశాడో తెలుసా? మెట్టు ముందు పీట వేసి, దానిమీద ఇంత నల్లరాయి పెట్టించాడు. "కాయ దీనిమీద కొట్టండి సార్" అని… అదేగా! ఎందుకు పెట్టాడో నాకప్పుడే అర్థమైంది… నేను నోరెత్తితే "మొగుడి కోపం పెళ్ళాం తీర్చుకుంటోంది" అనరూ?

ప్రెసిడెంటుగారేమో "చదువులమ్మ గుడికి అరువు రాయెందుకయ్యా, ఇంత మెట్టుండగా" అని పంచె ఎగ్గట్టి, చెయ్యెత్తి… ఠాప్!… కాయ బంతిలా దొర్లిపోయింది. మెట్టు అంచు ఊడి ఆయన కాలి దగ్గర పడింది!

ఆగండి, ఇంకా ఉంది… బసవేశ్వరరావు "కాయ మొండిదండీ" అన్నాడు!… నిజం, అలాగే అన్నాడు. పురోహితులు వేంకటసుబ్రహ్మణ్యంగారికి రోషం వచ్చింది, కాయ తెచ్చింది ఆయనేగా. "నా కాయకి వంక పెడతావా" అని అదే కాయ తీసుకుని మళ్ళీ కొట్టారు… ఏం పగలడం! మెట్టు మెట్టంతా కూలబడింది. లోపల ఇటుక ముక్కలు, ఇసుక… సిమెంటా? మందుకైనా లేదండీ!

పిల్లలు ఒకటే నవ్వు. నవ్వకండర్రా అని నేనే కొంగు నోట్లో కుక్కుకున్నా… సన్నాయి ఆయనకైతే ఊపిరి నిలవట్లేదు, పాపం!

ఆ తర్వాతా?… పున్నమ్మగారు లేదూ, మనకి పాలు పోసే ఆవిడ… ఆవిడ తిన్నగా ముందుకొచ్చి ప్రెసిడెంటుగారి మొహం మీదే అడిగేసింది. "మెట్టు సంగతి ఇట్టుంటే, మా మనవడి నెత్తిమీద శ్లాబు సంగతేంటి బాబూ?"… అంతే. నవ్వులన్నీ ఆగిపోయాయి.

లేదు లేదు, ప్రెసిడెంటుగారు ఊరుకోలేదు. అక్కడికక్కడే తాళం వేయించారు. మొత్తం పడగొట్టి, బసవేశ్వరరావు సొంత డబ్బుతో మళ్ళీ కట్టాలన్నారు… ఉత్త మాటేనంటారా? నాకూ అదే అనుమానం వచ్చింది. లేచి నిలబడి అడిగేశా… నేనేనండీ! అంతమందిలో! "ఈసారి సిమెంటూ ఇసకా కలిపేటప్పుడు ఊళ్ళోవాళ్ళు దగ్గరుండి చూడాలి. వాళ్ళు సరేనంటేనే పై వరస లేవాలి" అని… ఒప్పుకున్నారు! చప్పట్లు కూడా కొట్టారు తెలుసా!

అసలు మాట చెప్పనే లేదు… "పాసు చెయ్యనన్న ఆ ఓవర్సీరేడమ్మా?" అన్నారు చలపతిరావుగారు. "బాపట్లలో హోటలు సాంబారు తింటున్నారండీ" అన్నా… ఏమన్నారా?… "వెనక్కి పిలిపిస్తా. కట్టించేది ఆయనే" అన్నారు. మీ పైవాళ్ళకి ఇందాకే ఫోను చేశారు, ఇక్కడ్నించే, నా కళ్ళముందే!

…ఏవండీ?… హలో… వింటున్నారా?… అయ్యో, ఏంటండీ అది… ఊరుకోండి, పక్కన గుమాస్తాలు చూస్తారు… పోన్లెండి, చూడనీండి. నాకూ కళ్ళు నిండిపోతున్నాయి. బతకనేర్వనివాడని మిమ్మల్ని ఎంతమంది ఆడిపోసుకున్నారు!… నా మొగుడు చెప్పింది నిజమని ఇవాళ ఊరంతా చూసిందండీ.

కాయా?… నా దగ్గరే ఉంది. చెక్కు చెదర్లేదు! "ఈ మొండి కాయ ఆ మొండి ఓవర్సీరుకే ఇవ్వమ్మా, కొత్త మెట్టు మీద ఆయనే కొట్టాలి" అన్నారు ప్రెసిడెంటుగారు… పగలకపోయిందో, మళ్ళీ బాపట్లే!… హలో?… హలో?…

పోస్టుమాస్టరుగారూ, లైను పోయిందండీ… పర్లేదులెండి, చెప్పాల్సింది చెప్పేశా… ఇదిగో, ఫోను పెట్టేస్తున్నా. ఆ సంచీ కాస్త ఇటివ్వండి, కాయ అందులోనే ఉంది… అయ్యయ్యో, గట్టు మీద పెట్టకండి! ఇది ఎవరు కట్టారో ఏంటో… చేతికివ్వండి బాబూ, చేతికి!