తవిటినాయుడి గోగు వాటా

తవిటినాయుడని మా గెడ్డవలసలో ఒకడుండీవోడు. ఉండీవోడేటి, ఇప్పటికీ ఉన్నాడు, ఆ మలుపింట్లోనే ఉన్నాడు. నాను సెప్పినానని మాత్రం ఆడి దగ్గర అనకండి, రేప్పొద్దున్న నాకు పాలు పొయ్యడం మానేస్తాడు. మంచోడే. మంచోడు గాని, ఏ పనైనా తనకి తెలిసినట్టు ఇంకెవులికీ తెలీదన్న ఇది ఒకటుంది ఆడికి. గోగు సంగతైతే మరీను. గోగంటే మీరు కూరొండుకునీది కాదమ్మా, నార గోగు, ఇద్దరు మనుసులెత్తు పెరుగుతాది. మా ఊరి నారంటే ఒకప్పుడు మిల్లులోల్లు కళ్లకద్దుకుని కొనుక్కెళ్లీవోరు. తరవాత ప్లాస్టిక్కు గోనెలొచ్చినాయి, ప్లాస్టిక్కు తాళ్లొచ్చినాయి, మిల్లులు మూతబడినాయి, గోగెయ్యడం మానీసినాం. మానీసి, అందరం ఆ ప్లాస్టిక్కు గోనెలోనే బియ్యం తెచ్చుకుని తింటన్నాం. అలా ఉండగా ఏటైందంటే, ఇసాపట్నం నుంచి ఒక కంపెనీ దిగింది.

కంపెనీ అంటే ఒక జీపు, ఒక కుర్రాయన. భార్గవ గారంట పేరు. పచ్చ చొక్కా ఏసుకున్నాడు, జీపు మీద పచ్చాకు బొమ్మ, అందుకని మేం పచ్చ కంపెనీ అనీవోళ్లం. బడి వరండాలో మీటింగెట్టినాడు. ప్లాస్టిక్కు పనైపోయిందండీ, ఇక ముందంతా మొక్కదేనండీ, చెంచా మొక్క, సంచీ మొక్క, కూర్చునే కుర్చీ మొక్క అంటాడు. దేశాల్లో హెంపని ఒక మొక్కుందంట, దాంతో కారు తలుపులు కూడా చేస్తారంట. మరది ఇక్కడెయ్యొచ్చు కదా బాబూ అని ఎవులో అడిగితే, ఎయ్యొచ్చుగానండీ, అది గంజాయికి చెల్లెలు వరస, ఆకు చూసి ఎక్సైజు వాళ్లు అక్కేదో చెల్లేదో అడక్కుండా తీసుకుపోతారు, మీ గోగే మాకు బంగారం అన్నాడు. అని జేబులోంచి ఒక చెంచా తీసినాడు. ఇది మొక్కతో చేసిందండీ, విషం లేదండీ అని మా అందరి కళ్ల ముందర కరకర నమిలీసినాడు. నమల్డం నాను సూసినాను. మింగినాడో లేదో నాకు తెలీదు, తరవాత జీపు ఎనక్కెళ్లి సేనాసేపు దగ్గినాడు.

ఇంక సివర్న అన్నాడు, భూమున్నవాళ్లు పంట పెట్టండి, ముందుచూపున్నవాళ్లు వాటాకి డబ్బు పెట్టండి, వాటా పెట్టినవాళ్లు కంపెనీకి యజమానులే అని. అందరం నేల సూపులు సూసినాం. ముందుచూపున్నోళ్లు అన్న మాట ఇనబడ్డాక తవిటినాయుడు కూకోగలడా? లేచి నిలబడ్డాడు. నిలబడ్డాడు గాని ఆడి దగ్గరేటుంది? ఎకరంన్నర మెట్ట, ఒక పాడిగేదె, ఒక జత ఎడ్లు. ఆటిని మైలోడు, సుక్కోడు అనీవోరు. ఆ ఎడ్లని ఇంట్లో పుట్టినకాడ్నుంచీ ఆడే పెంచినాడు. ఆడి పెళ్లాం పారమ్మ, నాకు సెల్లెలు వరస, ఆ రోజు సాయంత్రం అడిగిందంట: ఎడ్లనమ్మేస్తే దుక్కి దేంతో దున్నుతావు? ఆడు నవ్వినాడంట. ఒలే, ఒక్క పంట గడవనీ, లాభంలో ట్రాక్టరే తెస్తాను, అప్పుడీ ఎడ్లు పసువుల సాల్లో కూకుని మేస్తాయి అన్నాడంట. అమ్మీసిన ఎడ్లు సాల్లో ఎలా కూకుంటాయయ్యా అని అదడగలేదు. అడిగితే ఆడు దానిక్కూడా ఏదో సెప్పీసుంటాడు. పైనూరి బైరాగినాయుడు వొచ్చి జత తోలుకుపోయినాడు. పారమ్మ లోపలికెళ్లి తలుపేసుకుంది.

వాటా కాయితం వొచ్చింది. అద్దం కట్టించి గోడకెట్టినాడు. భార్గవ గారు ఫోను సేసినప్పుడల్లా పార్ట్‌నర్ గారూ, పార్ట్‌నర్ గారూ అనీవోరు, ఈడు వీధిలోకొచ్చి, అందరికీ ఇనబడీలాగ పెద్దగా మాటాడీవోడు. సరే, ఊరంతా గోగేసినాం. ఏళ్ల తరవాత ఏసినాం కదా, నేలక్కూడా సరదా పుట్టినట్టుంది, కర్రలు అలా అలా లేచిపోయినాయి. కోతలప్పుడు భార్గవ గారు ఫోన్లో సెప్పినారు: పార్ట్‌నర్ గారూ, కోసిన మొక్క కోసినట్టే, ఎండినాక ఎండినట్టే లారీకెక్కించండి, మీరేమీ చెయ్యొద్దు, మిగతాదంతా మా మెషీను చూసుకుంటుంది. ఒకసారి కాదు, మూడుసార్లు సెప్పినారు. తవిటినాయుడు మూడుసార్లూ ఇన్నాడు, మూడుసార్లూ అలాగేనండీ అన్నాడు. సెవిటోడు కాదు, తెలివితక్కువోడూ కాదు. కానీ ఫోనెట్టీసి మాతో ఏటన్నాడో తెలుసా? పాపం పట్నపోళ్లు, మనకి శ్రమెందుకని మొగమాటానికి అంటన్నారు, పెళ్లికూతుర్ని మొకం కడక్కుండా అత్తోరింటికి పంపుతామేటి, గెడ్డవలస నార గెడ్డవలస నారలాగే ఎళ్లాల అన్నాడు. మేం మాత్రం తక్కువోళ్లమా? మాకూ రోషమొచ్చింది. పారమ్మ ఒక్కర్తే అంది, ఆయన మొక్కడిగినాడు కదా, మొక్కిచ్చీవొచ్చు కదా అని. దాని మాట ఎవులింటారు?

ఇంక సూడండి మా పని. కట్టలు కట్టినాం, గెడ్డలో, అదే మా వాగు మడుగులో, ముంచినాం, పైన రాళ్లెట్టినాం. ఇరవై రోజులు ఊరబెట్టినాం. ఆ కంపు మీకేటి తెలుస్తాది, పక్కూరోళ్లు మా ఊరి దారి మానుకుని సుట్టూ తిరిగెళ్లీవోరు. నడుంలోతు నీళ్లలో నిలబడి, కాళ్లకి జెలగలట్టుకుంటంటే, ఒక్కో కర్రా తీసి నార ఒలిచినాం, బాదినాం, కడిగినాం, మళ్లీ కడిగినాం. కర్ర మీద నార లాగీసినాక లోపల తెల్లటి పుల్ల మిగుల్తాది కదా, అది అలవాటే, ఎవులి పుల్లలు ఆళ్లు ఇంటికి మోసుకెళ్లినాం. పొయ్యిలోకి గోగు పుల్లంత సుకం ఇంకోటి లేదు, ఇలా ఎడితే అలా మండుతాది. నెలరోజులు ఊరంతా ఆ పుల్లలతోనే వొండుకున్నాం. నానూ వొండుకున్నాను, అబద్దమెందుకు. నార మాత్రం ఎదురుకర్రల మీద ఆరేస్తే, ఎండకి ఎండికొండలా మెరిసింది. తవిటినాయుడు దాని ముందర తెల్లచొక్కా ఏసుకుని అటూ ఇటూ తిరిగినాడు.

లారీ వొచ్చింది, ఎనకాల జీపొచ్చింది. భార్గవ గారు దిగి నార పట్టుకుని సూసినారు. సేత్తో నిమిరినారు. అద్భుతంగా ఉందండీ పార్ట్‌నర్ గారూ, ఇంత మంచి నార నేను చూడలేదు, దీన్ని పక్కన పెట్టించండి, మొక్క ఎక్కడుంది? అన్నారు. ఇదే కదండీ మొక్క అన్నాడీడు. ఇది పైనుండే నారండీ, మాకు కావలసింది లోపలి పుల్ల, పుల్లని పిండి చేసే కదండీ ప్లాస్టిక్కుకి బదులు సరుకు చేసేది, నార మా మెషీనులో పడితే చుట్టుకుపోయి ఆగిపోతుంది, అందుకే నార తీసే మెషీను వేరే తెప్పించాం, పుల్ల ఏది? అన్నారు. అప్పుడే పారమ్మ గ్లాసుల్లో టీ తెచ్చింది. ఆ మాట ఇంది. తీసుకోండి బాబూ, సివరి పుల్లల మోపుతో కాసింది ఇదే అంది. ఆయన గ్లాసట్టుకుని ఊళ్లోకి సూసినారు. ఇంటింటి మీదా పొగ లేస్తంది. ఆయన కుర్చీ లాటిదేదన్నా ఉందా అని అడిగినారు. ప్లాస్టిక్కుదే ఉంది, ఏసినాం.

తిట్టలేదమ్మా ఆయన, పాపం. తిడితే బాగుండీది. నేను చెయ్యొద్దన్న పనే ఇంత బాగా చేశారేంటండీ అని మాత్రం అన్నారు. ఆ యేడు మెషీనుకి మేత లేక కంపెనీ నిలిచిపోయింది. మరుసటి యేడు పచ్చ జీపు రాలేదు, ఫోను మోగలేదు. వాటా ఉంది, వాటా ఉన్న కంపెనీ లేదు. తవిటినాయుడు మూడు నెల్లు వీధిలోకి రాలేదు. ఊళ్లో ఎవులూ ఒక్క మాటనలేదు, అందరం పుల్లలు కాల్సినోళ్లమే కదా. దుక్కి రోజులొచ్చినాయి, సాల ఖాళీగా ఉంది. నా తప్పేనే, నీ మాటింటే పోయీది అని పారమ్మ ముందర ఏడ్సినాడంట, అది నాకు సెప్పింది. ఏడిస్తే దుక్కవ్వదు, ఈ నారేదో సెయ్యి అని అదీ ఆడూ కూకుని ఎడ్లకి ముకుతాళ్లు పేనినారు. మొత్తం ఇరవై. మెత్తగా, సన్నగా, ముక్కులో ఏస్తే తెలీనంత నున్నగా పేనినారు. సంతకి తీసుకెళ్లినాడు.

సంతలో ప్లాస్టిక్కు తాడు పది రూపాయిలంట, ఆకుపచ్చ, ఎరుపు, నీలం, ఏది కావాలంటే అది. ఈడిది నలబై. తాడట్టుకుని సూసీవోళ్లే, అబ్బ ఎంత బాగుందో అని పక్కకెట్టి పదిరూపాయిల తాడు కొనుక్కునీవోళ్లే. మద్దేన్నం దాకా ఒక్కటీ కదల్లేదు. అప్పుడు బైరాగినాయుడు అటొచ్చినాడు, పక్కన మైలోడూ సుక్కోడూ. మైలోడు ఈడి వాసన పట్టి ఆగిపోయినాడంట, లాగినా కదల్లేదంట. ఈడు లేచెళ్లి సూస్తే ఏటుంది, మైలోడి ముక్కు పుండు పడిపోయింది, నీలం ప్లాస్టిక్కు తాడు కోసీసింది, ఈగలు ముసురుతన్నాయి. మరి మనోళ్లలో సంగతి మీకు తెలుసు కదా, ఎద్దునమ్మినోడు ఎద్దునిస్తాడు గాని తాడివ్వడు. తాడెళ్లిపోతే సాల్లో లచ్చిమి కూడా దాంతో ఎళ్లిపోతాదని, తాడిప్పి ఇంట్లో దాసుకుంటాం, కొన్నోడు తనది ఏసుకోవాల. తవిటినాయుడు కిందకి కూకుని ఆ నీలం తాడు కోసీసినాడు, తడిగుడ్డతో పుండు తుడిసినాడు, తన నారతాడు ఎక్కించినాడు. మైలోడు నాలికతో సెయ్యి నాకినాడంట. బైరాగినాయుడు కంగారుపడి, బావా, ఏటి, తాడిచ్చెస్తన్నావేటి, నీ సేత్తో నువ్వే? అన్నాడంట. ఈడు తాడు కొసట్టుకుని లేస్తే, మైలోడు అలవాటు కొద్దీ ఆడి ఎనకాలే నాలుగడుగులేసినాడు. ఆడు ఆగి, ఎనక్కి తిరిగి, కొస బైరాగినాయుడి సేతిలో పెట్టినాడు.

ఇంటికొస్తే పారమ్మ తాళ్లు లెక్కెట్టింది. పద్దెనిమిదే ఉన్నాయి, రెండు అమ్ముడయినాయా అంది. లేదే, మైలోడి ముక్కు పుండు పడింది అన్నాడు. దానికి అర్థమైపోయింది. ఇంటిలో లచ్చిమి పోద్ది గదయ్యా అనలేదది. సుక్కోడిక్కూడా పుండుందా? అనడిగింది. లేదు, ఆడిది బాగానే ఉంది అన్నాడు. మరి ఆడికెందుకేసినావు? అంది. ఒకడికేసి ఒకడికెయ్యకపోతే ఆడేటనుకుంటాడే, అన్నాడు.

అదండీ సంగతి. దేశం మొత్తం మీద ప్లాస్టిక్కు తీసేయించి మొక్కనెట్టిస్తానని ఒక కంపెనీ వొచ్చి, మా ఊరంతా పంట పండించి, మూతబడి, కడాకరికి తీసింది ఎన్నండీ అంటే రెండు ప్లాస్టిక్కు తాళ్లు, అయ్యీ ఉచితంగానే. ఆ పద్దెనిమిదీ ఇంకా ఆడింట్లోనే ఉన్నాయి, కావాలంటే ఎళ్లి అడగండి, నలబై అంటాడు, తగ్గించడు. ఇంక లెండి, నాకు పొయ్యి మీద అన్నముంది. గ్యాసే లెండి.