పిల్లమేత

మేత కొట్టులో కాటా ముందు నిలబడి పెద్దాయన మళ్ళీ పిల్లమేతే అడిగాడు. కొట్టామె చేతిలోని చాట కింద పెట్టేసింది.

"బాబాయ్, మీ కోడిపిల్లలు ఎప్పుడో పసివయసు దాటేసుంటాయి. మళ్ళీ పిల్లమేతేంటి?"

"ఇదైతే ఇష్టంగా తింటాయమ్మా."

"ఎందుకు తినవు? ఎదిగే వయసులో ఇంత బలమైన మేత పెడితే కొవ్వు పట్టేస్తుంది. రేపు గుడ్లకొచ్చినప్పుడు అవస్థ పడతాయి. ఇప్పుడు గ్రోయర్ మేత, అదే ఎదిగే కోళ్ళ మేత, పెట్టాలి. గుడ్లు మొదలయ్యాక సున్నం ఎక్కువుండే మేత. మొదటిరోజే చెప్పాను కదా?"

"చెప్పావు. పోయినసారి గ్రోయరే పట్టుకెళ్ళాను. తొట్టినిండా పోస్తే వాటంతటవే తింటాయి, నావైపు చూడను కూడా చూడవు. చేత్తో పెట్టబోతే మూతి తిప్పేసుకుంటాయి."

"మరి ఇదైతే?"

"అరచేతిలో పోసుకుని కూర్చుంటే ఒళ్ళోకెక్కి తింటాయి. ఇంట్లో ఇంకెవరున్నారు తల్లీ, నా దగ్గరికి రావడానికి?"

ఆమె గ్రోయర్ బస్తా ఆయన ముందుకు జరిపి, పిల్లమేత ఒక్క గుప్పెడు పొట్లం కట్టింది.

"కడుపుకి అది. ఒళ్ళోకి ఇది."

"గుప్పెడేనా? రేపటికే అయిపోతుందమ్మా."

"అయితే రేపు రండి బాబాయ్. పొద్దున్నించీ నేనూ ఈ కాటాతోనే మాట్లాడుతున్నాను."