రెక్క బ్రాకెట్టు మీద గీత

రా పాపా హైందవీ, మీ క్యాబు వచ్చేదాకా ఆ స్టూలు లాక్కుని కూర్చో. ఆ ఫొటోలో ఉండేది ఎవురంటివా? మా సుందర్‌రాజన్న. ఈ వాషర్‌మెన్‌పేట్‌లోనే ఆయనకి టింకరింగ్ షాపు, నేను ఆయన కింద ఇరవై రెండేండ్లు చేసినా. నొక్కుకుపోయిన కారు డోరు పొద్దున ఇస్తే సాయంత్రానికి కొత్తదాని మాదిరి చేసిచ్చేవాడు. నోరు మాత్రం... అబ్బబ్బ! "రేయ్ గోవిందసామీ, నీ చేతులు సుత్తి పట్టేదానికా, ఇడ్లీ పిండి రుబ్బేదానికా?" అంటా ఉంటాడు దినమ్మూ. ఆదివారం చర్చికి పోయొచ్చినాక మాత్రం తిట్టడు, ఆ పూట మాకు పండగే. అన్న పోయి పదిహేనేండ్లు అయిపోయిందిలే.

ఒకనాడు ప్రభాకరన్ సారని రిటైరైన ఇంజినీరు ఒకాయన వచ్చినాడు. మీ ఆఫీసు ఉండే షోళింగనల్లూరులోనే, అప్పుడు ఆడ ఇన్ని బిల్డింగులు యాడివి, షెడ్డు వేసుకుని సొంతంగా విమానం కడతా ఉండాడంట. నవ్వొద్దు, నిజ్జంగానే. ఇద్దరు కూర్చునేది. "దానికి రేకు సామాన్లు చేసిస్తారా?" అనె. నేను మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వితి. అన్న నవ్వలా. ఆ కాగితాలు ఇంటికి తీసకపోయి రెండు దినాలు చూసి, చేస్తానన్నాడు. "సారూ, ఇది ఎగిరినప్పుడు ఆ రెండో సీట్లో నన్ను ఒకసారి కూర్చోబెట్టాల" అని మాత్రం అడిగినాడు. పుట్టినప్పటినుంచి విమానాన్ని కిందనుంచి చూసినోడే గదా. సారు చేతిలో చెయ్యేసి మాటిచ్చినాడు.

సారు మాకు గట్టిగా చెప్పింది ఒకటే. అలుమినియం రేకు వంచే చోట స్కెచ్ పెన్నుతోనే గుర్తు పెట్టాల, ఉక్కు సూదితో గీకరాదు. కారు రేకుకి మేము సూదితోనే గీకేది, చేతికి అదే అలవాటు. కారుకి ఏమీ కాదు, మీద పెయింటు కొడితే అయిపోయె. విమానం రేకుకి ఆ సన్న గీతలోనే పగులు పుడతాదంట, గాల్లో అదురుకి పెరిగి పెరిగి పుటుక్కుమంటాదంట. రెక్కని పట్టుకోనుండే బ్రాకెట్టు నా వంతుకి వచ్చింది. ఆ పొద్దు రేడియోలో క్రికెట్ వింటా, సూదితో సర్రున గీకేసినా. ఏం చేసినా? ఎమరీ పేపరు పెట్టి రుద్ది, వంచి, పెయింటేసి ఇచ్చేసినా. అన్న నమ్మి పంపించినాడు. నెలన్నర నాకు అన్నం సయించలా. విమానానికి బిగించేసినారు, ఇంక పది దినాల్లో ఎగరాల అనగా ఏడ్చుకుంటా అన్నకి చెప్పినా. కొడతాడనుకున్నా. కొట్టలా. "బండి తియ్యి" అన్నాడు, అంతే.

ఆడికి పోయినాక, నేను నోరు తెరిచేలోపలే, "సారూ, రెక్క బ్రాకెట్టు మీద నేను సూదితో గీకినా. చెయ్యి అలవాటులో పోయింది. మీకు చెప్పకుండా దాచినా. విప్పేయండి" అన్నాడు. "నేను" అన్నాడు పాపా! నేను "అన్నా" అంటే నా కాలు తొక్కినాడు. తిరిగొచ్చేటప్పుడు అడిగితే, "షాపు నాది. నా చెయ్యి దాటి పోయిన సామాను నాదే. మూసుకుని బండి తోలు" అనె. సారు అరవలా. రెక్క కాడికి పోయి ఆ బ్రాకెట్టుని చేత్తో తడిమి, "ఒకటి అట్లుంటే మిగతావాటిని ఎట్ల నమ్మేదప్పా?" అన్నాడు. మొత్తం విప్పినారు. మేము చేసిన నూటా పద్నాలుగు సామాన్లూ ఒక్కొక్కటీ చూసి, ఏ మాత్రం అనుమానమున్నా మళ్లీ చేపించి... ఏడాదిన్నర పట్టె. ఆ నడమనే అన్నకి గుండె ఆగిపోయింది.

ఎగిరింది పాపా, బంగారంగా ఎగిరింది. సారు ఒక్కడే పది పన్నెండుసార్లు ఎగిరి చూసుకుని, కారేసుకుని నా కోసం వచ్చినాడు. "గోవిందసామీ, తప్పు చేసినా వచ్చి ఒప్పుకున్న మనిషి మీ అన్న. ఆయనకిచ్చిన మాట నీకు చెల్లిస్తా, రా, ఆ సీట్లో కూర్చో" అన్నాడు. నాకు ఎత్తంటే కండ్లు తిరుగుతాయి సారూ అని చెప్పి పంపించేసినా. కండ్లూ తిరగవు, కాళ్లూ తిరగవు. నేను ఆ గీత గీకకుంటే, ఆ పది దినాలకే విమానం ఎగిరుండేది, అన్న బతికుండంగానే దాంట్లో ఎక్కుండేవాడు గదా. ఆయన సీట్లో నేనెట్ల కూర్చునేది? ఆ గీత నాదని సారుకి ఇప్పటికీ తెలీదు. మా ఇంట్లో వాళ్లకీ తెలీదు.

...

మీ ఆఫీసు క్యాబు ఎన్ని గంటలకంటివి?