నా గదిలో దొరికిన దోమ

ఉండవే, అలా గాజుగొట్టానికేసి కొట్టుకుంటావేటి? కష్టాలు నీకొక్కదానికేనా? అరవయ్యేళ్ళ ఈ మీసానికి ప్రతి ఆదివారం రంగేస్తున్నాను. సోకనుకునేవు! ప్రజాసేవే. తెల్లమీసంతో మాత్రలు పంచడానికెళ్తే, మాత్రా నా ఈడుదే అనుకుని జనం మింగరు.

అన్నట్టు, నా పేరు కూర్మయ్య. కార్పొరేషన్లో దోమలమందు కొట్టి రిటైరై, బోదకాలు మీద పరిశోధన చేసే డాక్టరమ్మ దగ్గర చేరాను. ఇక్కడందరూ ఆవిణ్ణి దిదిమణి అంటారు. చదువా? నాలుగో తరగతి. అయినా నీ కాలు చూసి నీ కులగోత్రాలు చెప్పేస్తాను.

కలకత్తా మెటియాబ్రుజ్‌లో ఈ సందంతా బోదకాలు మాత్రలు పంచింది నేనే. రూలేటంటే, నా కళ్ళముందే మింగాలి, ఆ తరవాతే వేలికి సిరా పెట్టాలి. దర్జీ లలిత్ లేడూ, "దాదా, తమరు మింగారా?" అన్నాడు నవ్వుతూ. సిరా వేలు చూపించాను. గుటుక్కుమనిపించాడు.

ఇప్పుడేమో దిదిమణి ఇంటింటా దోమల్ని పట్టి తెమ్మంది. వాటి పొట్టలో బోదకాలు పురుగుందో లేదో చూస్తుందట. "మీ గదిలోవి కూడా, దాదా!" గొట్టం మీద ఇంటాయన పేరు రాయాలట.

పొద్దున్నే గోడమీద నువ్వు. పొట్టనిండా నా రక్తం. మా ఆవిడ పోయాక నన్ను ముట్టుకున్న ప్రాణివి నువ్వే కదే!

నీ పొట్టలో పురుగు దొరికిందనుకో, నా పరువేటవుతుంది? ఎందుకంటే... ఎవరితోనూ అనకేం. ఆ సిరా నాకు నేనే పెట్టుకున్నాను. మాత్రలు మింగలేదు. అవిగో, పంచదార డబ్బా వెనకాల.

భయమా? ఛ! ఒంట్లో పురుగుంటే, అది చచ్చేటప్పుడు కాస్త జ్వరం, తలతిరుగుడు వస్తాయి, అంతే. "పర్లేదమ్మా, ఇంట్లోవాళ్ళు చూసుకుంటారు" అని అందరికీ చెప్పీవోణ్ణి నేనే. మా ఇంట్లోవాళ్ళంటే ఎవరు? నేనూ, నీళ్ళకుండా.

నిన్నొగ్గేద్దామనే అనుకున్నాను. ఒగ్గేస్తే ఎక్కడికి పోతావు? పక్కగదిలో అప్పమ్మ వదినా, ఆవిడ మనవరాలూ ఉంటారు. నా ఒంట్లోది మోసుకెళ్ళి ఆ పిల్లమీదే వాలతావు.

ఇదిగో, రాసేశాను. కూర్మయ్య. అక్షరాలు వంకరే, పేరు మాత్రం నాదే.

మాత్రలూ మింగొచ్చు. గోడమీద ఓసారి తట్టి, "వదినా, గ్లాసుడు మంచినీళ్ళట్టుకుని కాసేపిలా కూర్చోవా" అంటే చాలు. వెయ్యి తలుపులు తట్టినోణ్ణి. ఈ ఒక్క గోడ తట్టడం ఇంకా నేర్చుకోలేదు.