బ్రహ్మచారి సార్ పేరు మీద ఉన్న పుస్తకం

అట్ల చూడకు తమన్నా. మారేడ్‌పల్లికి నాలుగుసార్లు తిరిగినవంటే అది నా తప్పా? పుస్తకం బ్రహ్మచారి సార్ పేరు మీద ఉందని కంప్యూటర్ చెప్పింది. సార్ ఇల్లు మారేడ్‌పల్లిల అని నేను చెప్పిన. రెండూ నిజమే కదా.

కూసో. ఆ స్టూల్ మీద కాదు, దాని కాలొకటి పొట్టిది. ఇటు రా.

హరికిషన్ సార్ అన్నం తింటున్నడు. రెండింటిదాక తలుపు తియ్యడు. ఇన్నేండ్ల నౌకరీల ఆరుగురు లైబ్రేరియన్‌లను చూసిన గానీ, గడియ పెట్టుకొని తినేటోణ్ణి ఈయననే చూసిన. మనమంతా ఆయన బెండకాయ కూర కోసమే కాచుకొని ఉన్నట్టు.

ఇప్పుడెంతయింది? ఒకటిన్నరనా. సరే.

ప్రేమమణమ్మ ఏమన్నది? చాయ్ ఇచ్చిందా?

ఇయ్యలేదా. అయితే మాట చానా దూరం పోయినట్టే. కరెంటు మీటర్ చూడనీకి వచ్చినోనికి సుత చాయ్ పోసే మనిషి ఆమె. సార్ ఉన్నప్పుడు నేను పోతే చాయ్‌తోపాటు ఆయన మీద కంప్లైంట్లు సుత పోసేది. పెండ్లినాటి సంది ఈయన నోట్ల చేపల ముచ్చట తప్ప నా ముచ్చట రాలే రోసమ్మా అని. పేరేమో బ్రహ్మచారి, ఇంట్లనేమో ఇంత ప్రేమమణి. నేను నవ్వేదాన్ని, సార్ పేపర్ అడ్డం పెట్టుకునేటోడు.

మంచం కింది ట్రంకు పెట్టెలన్నీ తీసిందా? అటక మీదివి సుత? ఎవరెక్కిన్రు అటక?

ఆమెనే ఎక్కిందా. డెబ్బై ఏండ్ల మనిషి.

ఊఁ. చెప్పు, వింటున్న.

ఏడ్చిందా.

ఏమని?

“మా ఆయన ఆఫీసు గుండుసూది కూడా ఇంటికి తేలేదమ్మా. ఇప్పుడు పుస్తకం దొంగ అంటున్నరా?” అన్నదా. అట్లనే అన్నదా? నువ్వేమన్న కలిపినవా?

జెరాగు. ఈ ఫ్యాన్ ఒకటి, తిరుగుతదో లేదో తెల్వదు. నీళ్ళు తాగు. నాకు సుత ఇటియ్యి.

తెలుసమ్మా, రేపు పదకొండింటికే మీ చేపలోళ్ళ విచారణ. నాకు చెప్పాల్నా? పన్నెండు దినాల సంది చెప్తనే ఉన్నవు. గేటు కాడి చాంద్‌పాషాకు సుత నోటికొచ్చింది, వచ్చేటోళ్ళందరికీ చెప్తుండు. పెద్దతూము చెరువును పక్షులకు వదిలిపెట్టాలె, వలలు బంద్ చెయ్యాలె అంటున్నరు అవతలోళ్ళు. అక్కడ మొదటి సంది పక్షులే, వలలు మొన్నమొన్న వచ్చినయి అంటున్నరు. యాభై ఏండ్ల కింద మన చేపల శాఖ చేసిన సర్వేలనేమో కొంగలు, వలలు, చేపలు అన్నీ ఒక్క చెరువులనే ఉన్నట్టు నెలనెలా రాసి ఉంది. ఆ సర్వే చూపెడితే నూట నలభై ఇండ్లోళ్ళు నీళ్ళల్ల దిగుతరు. చూపియ్యకపోతే ఒడ్డున కూసుంటరు. ఇదంతా చాంద్‌పాషా నోట వినాలె నువ్వు. కొంగలే వచ్చి ఆయనకు చెప్పుకున్నట్టు చెప్తడు.

రెండో కాపీ దొరికిందని మొన్న నువ్వు ఎగురుకుంట వస్తే నేనే కదా నీకు సమోసా తెప్పించిన. కోస్తాల ఏదో లైబ్రరీ, సుకన్య అని ఒకామె. మంచి మనిషే. స్కాన్ చేసి గంటల పంపుతనన్నది. కాకపోతే వాళ్ళ కాపీ ముట్టుకుంటే పొడి రాలుతదట, ఊకూకె తెరవరట. మీ లైబ్రరీ కాపీ పోయిందని మీ లైబ్రేరియన్ రాసిస్తేనే తెరుస్తరట. ఇయ్యాల నాలుగింటి లోపల.

ఒక్క వాక్యం. మా పుస్తకం పోయింది, కింద సంతకం.

హరికిషన్ సారేమో రాయడాయె. పోలేదమ్మా, పాఠకుని దగ్గర ఉంది అంటడు. పాఠకుడే పోయి రెండేండ్లాయె సార్ అని నువ్వంటే, అది వేరే కాలమ్ అంటడు. నేను అక్కడనే ఉన్న, అల్మారా తుడుస్తున్న. నాకు నవ్వొచ్చింది. తర్వాత రాలే.

నేను ఎందుకు నోరు మూసుకున్ననా?

ఏందీ, అట్లడుగుతవు. నేనెప్పుడన్న నోరు మూసుకున్ననా? మౌలాలి రైల్వే క్వార్టర్లల్ల ఎవరింట్ల ఏం కూరనో నన్నడుగు, చెప్తా. మన ఆఫీసుల భానుప్రకాశ్ సార్ ఎండకాలంల సుత టోపీ ఎందుకు పెట్టుకుంటడో చెప్తా. డైరెక్టర్ మేడం మీటింగుల నిద్రపోకుండ ఏం నములుతదో చెప్తా.

సరే. సరే, నువ్వు అడిగిందే చెప్తా. చెయ్యి ఇడువు.

మన లైబ్రరీల ఒక కాయిదా ఉంది, రూల్ అన్నట్టు. పదేండ్లు ఎవ్వరూ తీస్కపోని పుస్తకాన్ని బీరువాల ఉంచరు. వెనుక అట్టకు తారీకుల చీటీ ఉంటది చూడు, దాన్ని చూస్తరు, లిస్టు రాస్తరు, తూకానికి పంపుతరు. ఒకసారి నా చేతులతోనే ట్రాలీ నింపిన. ఆ పుస్తకాలను రోజూ తుడిచింది నేను, బయటికి తోసింది నేను. బ్రహ్మచారి సార్ చూసి ఏమనలే. మళ్ళ శనివారం వచ్చిండు, పదిహేను పాతయి ముందటేసుకొని, రోసమ్మా, ఇవన్నీ నా పేరు మీద రాయి, మళ్ళ బీరువాల పెట్టు అన్నడు. ఇంటికి తీస్కపోలే. రాసుడు, ముద్ర కొట్టుడు, పెట్టుడు. ఇంకో పదేండ్లు అవి బతికినట్టే. పెద్దతూము సర్వే సుత అందుల ఉండె. దాంట్ల చేపలు లెక్కపెట్టినోళ్ళల్ల ఆయనొకడు, పడుచోడు అప్పుడు.

ఆ వాపసు కాలమ్‌ల నేను తర్వాత తారీకు వేసేదాన్ని. అంతా సాఫ్.

సార్ పోయిండు. మొన్నమొన్నటిలెక్కనే ఉంది గానీ రెండేండ్లు. ఆయన కార్డు రద్దు చెయ్యనీకి ఎవ్వరు రాలే. నేను దుమ్ము తుడుస్తుంటే ఈ సర్వే చీటీ కనబడ్డది. ఇంకో నెలయితే పదేండ్లు నిండుతయి. అటెండర్‌కు కార్డు ఉండదమ్మా, నా పేరు మీద రాసుకోలేను. ఎవరినడగాలె? హరికిషన్ సార్‌ను అడిగితే కాయిదా చదివి వినిపిస్తడు.

ఇగో, ఈ రిజిస్టర్ చూడు. కంప్యూటర్ల ఉత్త పేరే ఎక్కింది, తారీకు ఎక్కలే. ఇందుల ఉంది. నా వేలు పెట్టిన దగ్గర చదువు. సంతకం బ్రహ్మచారి అని ఉంది. తారీకు చూడు.

ఆయన పోయిన ఎనిమిది నెలలకు.

ఆ సంతకం నేను పెట్టిన. మంచిగనే వచ్చింది కదా. ఏండ్ల సంది చూసిన సంతకం.

ఆగు, లేవకు. ఇంకా ఉంది. వాపసు తారీకు వేద్దామనుకునేలోపల కంటి ఆపరేషన్‌కు లీవు పెట్టిన. అప్పుడే కాంట్రాక్టోళ్ళు వచ్చి పుస్తకాలు లెక్కపెట్టిన్రు. కంప్యూటర్ల చూస్తే పుస్తకం పాఠకుని దగ్గర ఉంది. బీరువాల చూస్తే ఇక్కడా ఉంది. వాళ్ళు తెలివిగలోళ్ళు. ఓహో, ఇది ఎక్కువైన కాపీ అనుకున్నరు. ఎక్కువ కాపీలను పదేండ్లదాక ఆపరు, ముందు వాటినే తూకానికి పంపుతరు.

నేను కంటికి నల్ల అద్దాలు పెట్టుకొని వచ్చేసరికి ఆ జాగ ఖాళీగ ఉంది. రెండు వేళ్ళ సందు. పక్క పుస్తకాలను జరిపి సందు మూసేసిన.

నేను దాన్ని కాపాడకపోయినా ఇంకో నెల ఉండేదేమో. ఎవరన్న తీస్కపోయేటోళ్ళేమో. తెల్వదు.

నువ్వు మొదటి రోజు వచ్చి ఆ పుస్తకం పేరు అడిగినప్పుడే నాకు తెలుసు. పుస్తకం మారేడ్‌పల్లిల లేదని తెలుసు. తెలిసే అడ్రస్ రాసిచ్చిన, బస్ నంబర్‌తోని సహా. వెతికి వెతికి నువ్వే ఇడిసిపెడుతవనుకున్న. ఆమె అటక ఎక్కుతదనుకోలే. ఇంకా మూడు నెలలైతే నా రిటైర్మెంటు, ఎవ్వరికీ తెల్వకుండ ఎళ్ళిపోదామనుకున్న. దొంగ సంతకం పెట్టినదానికి పెన్షన్ ఇస్తరో ఇయ్యరో అది వాళ్ళ ఇష్టం.

తిట్టు. ఎందుకు తిడుతలేవు? నువ్వు తిడితేనే నాకు మంచిగుంటది.

సరే, గడియ తీసినట్టుండు, పోదాం పా. ఈ పేరు మీద రాసింది అబద్ధమని నేను రాసిస్తే, పుస్తకం పాఠకుని దగ్గర లేనట్టే. అప్పుడు హరికిషన్ సార్‌కు రాయక తప్పదు, ఆయన చెప్పే కాలమ్‌నే ఆయన మెడ వంచుతది. ప్రేమమణమ్మకు ఫోన్ నువ్వే చెయ్యి. నేను చేస్తే సగం చెప్పి ఆమె మోకాళ్ళ నొప్పులడుగుత.

రిజిస్టర్ నువ్వు పట్టుకో. కాదు, నేను ముందు నడుస్త, నువ్వు నా ఎన్కనే రా. లోపలికి పోయినంక తలుపు మూసి దానికి ఆనుకొని నిలబడు. నేను ఆయన బీపీ ముచ్చట షురూ చేసిననుకో, భానుప్రకాశ్ సార్ టోపీ ముచ్చట ఎత్తిననుకో, నువ్వు ఇంకేం వినకు. ఆ పేజీ తెరిచి ఆయన ముందట పెట్టెయ్యి. ఈ నోరు నాదే గానీ బిడ్డా, దీన్ని నేను సుత నమ్మ.