నడుము పైకే

జహీరాబాద్ నుంచి వచ్చిన అన్నాచెల్లెళ్లు పార్కులో జెయింట్ వీల్ ముందు నిలబడ్డారు. చెల్లెలి పక్కన ఆమె కూతురు. అన్న ఫోన్ పైకెత్తాడు.

"పాపను జర పక్కకు జరుపు. కోహీర్ సంబంధపోళ్లకు నీ ఒక్కదాని ఫోటో పంపాలె."

"పాప కోసం తోల్కొచ్చినవ్ అనుకున్న. వాళ్లకు దీని సంగతి చెప్పలేదా అన్నా?"

"మీ ఆయన చనిపోయిండని చెప్పిన. పిల్ల సంగతి లగ్గం ఖాయమైనంక చెప్త."

"అప్పుడు పిల్లను వద్దంటే?"

"అమ్మ సాదుకుంటది. ఎన్నొద్దులని మా ఇంట్ల ఉంటవ్? మీ వదిన మాటలు ఇనవడ్తలేవా నీకు?"

ఆమె పాపను ఇంకా దగ్గరకు లాక్కుంది.

"సరే, నీ ఎనక దాసిపెట్టు."

"దాసిన. దాగుడుమూతలు ఆడుతున్నమనుకుంటున్నది. నా నడుము గట్టిగ పట్టుకున్నది అన్నా, చేతులు కనబడ్తయ్."

"నడుము పైకే తీస్త. జర నవ్వు."